కణం పుట్టిల్లు వెతికిన వైద్యుడు: రుడాల్ఫ్ విర్కో

ఎనిమిదో తరగతిలో కణం పాఠం మొదలుపెట్టిన వారం అది. ఒక అమ్మాయి నోటు పుస్తకంలో మడిచి పెట్టుకొచ్చిన కాగితాన్ని మా బల్ల మీద పెట్టింది. అది వాళ్ల అమ్మమ్మ ముక్క పరీక్ష రిపోర్టు. ఎప్పుడో వయసులో ఉండగా కట్టెల పొయ్యి దగ్గర కాలిన కాలి మచ్చ మీద పుండు లేచి, ఏడాది దాటినా మానలేదట. పెద్దామెకు తెలుగు తప్ప మరో భాష రాదు. ఆస్పత్రిలో వాళ్లు అడిగేది ఆమెకు, ఆమె చెప్పేది వాళ్లకు అర్థం కాలేదు. రెండుసార్లు పూతమందు తెచ్చుకుని ఊరుకుంది. చివరికి మనవరాలే వెంట వెళ్లి రాష్ట్ర భాషలో సంగతంతా చెప్పింది. అప్పుడు పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

రిపోర్టులో వెల్ డిఫరెన్షియేటెడ్ స్క్వామస్ సెల్ కార్సినోమా అని ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో వాళ్లకు అర్థమైంది క్యాన్సర్ అన్న ఒక్క మాటే. ఆ రోజు నుంచే అమ్మమ్మ కంచం, గ్లాసు వేరు చేశారట. ఇది బయటి నుంచి అంటుకున్నదా, ఒంట్లోనే పుట్టిందా అన్నది ఆ అమ్మాయి ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు ఒక మనిషి జీవితంలో ఉంది. పాఠ్యపుస్తకం ఆయన గురించి ఒకటి రెండు వాక్యాలు చెప్పి వదిలేస్తుంది. మిగతాది మనమే పిల్లలకు చెప్పాలి.

రైతు బిడ్డ

రుడాల్ఫ్ విర్కో 1821 అక్టోబర్ 13న ప్రష్యా రాజ్యంలోని పొమెరేనియా ప్రాంతంలో, షీవెల్‌బైన్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి వ్యవసాయం చేస్తూనే పట్టణ ఖజానా లెక్కలు చూసేవారు. విర్కో వాళ్లకు ఒక్కడే కొడుకు. డబ్బు పెట్టి వైద్యం చదివించే స్తోమత ఆ ఇంటికి లేదు. తెలివైన పేద పిల్లలను సైన్యానికి వైద్యులుగా తయారుచేసే సంస్థ ఒకటి బెర్లిన్‌లో ఉండేది. 1839లో అందులో సీటు రావడంతో ఆయన చదువు సాగింది. 1843లో పట్టా పుచ్చుకుని, షారిటే ఆస్పత్రిలో శవపరీక్షలు చేసే విభాగంలో చేరారు.

అక్కడ ఆయనకు సూక్ష్మదర్శిని దొరికింది. 1845లో రక్తంలో తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయిన ఒక రోగి గురించి రాశారు. తర్వాత ఆ జబ్బుకు ల్యుకేమియా అని పేరు పెట్టిందీ ఆయనే. 1847లో మిత్రుడు బెన్నో రైన్‌హార్ట్‌తో కలిసి సొంతంగా ఒక వైద్య పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రిక నేటికీ ఆయన పేరుతోనే వెలువడుతోంది.

మాట అర్థం కాని ఊళ్లలో జ్వరం

1848 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆయనను ఎగువ సైలీషియాకు పంపింది. అక్కడ టైఫస్ జ్వరం ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెడుతోంది. పంటలు పోయి జనం ఆకలితో ఉన్నారు. అక్కడివాళ్లలో ఎక్కువమంది మాట్లాడేది పోలిష్ భాష. అధికారుల భాష, కచేరీల భాష మాత్రం జర్మన్. విర్కో సుమారు మూడు వారాలు గుడిసె గుడిసెకూ తిరిగారు.

తిరిగి వచ్చి ఇచ్చిన నివేదికలో ప్రభుత్వం ఎదురుచూసిన మందుల చిట్టా లేదు. జ్వరం కంటే ముందు పేదరికం, చదువు లేకపోవడం, జనం మీద వాళ్లకు అర్థం కాని పాలన ఉన్నాయని ఆయన రాశారు. పోలిష్ భాషకు అధికార స్థానం ఇవ్వాలని, పిల్లలకు చదువు చెప్పించాలని, స్థానికుల పాలన స్థానికులకే అప్పగించాలని, పన్నుల భారం తగ్గించాలని సిఫారసు చేశారు. ఆ జనం అలవాట్ల గురించి ఆయన రాసిన మాటల్లో అక్కడక్కడా చిన్నచూపు కనిపిస్తుంది. అయినా జబ్బు వేరు కోసం వెతుకుతూ వెళ్లిన వైద్యుడు భాష దాకా వెళ్లి ఆగారన్నది మనలాంటి బడుల వాళ్లం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

ఆ మార్చిలోనే బెర్లిన్‌లో తిరుగుబాటు చెలరేగింది. విర్కో కూడా వీధి అడ్డుగోడల దగ్గర నిలబడ్డారు. మరుసటి ఏడాది షారిటేలో ఉద్యోగానికే ముప్పు వచ్చింది. బెర్లిన్ వదిలి బవేరియాలోని వుర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు.

కణం వెనుక కణం

అప్పటికి శరీరం కణాలతో కట్టినదని వైద్యులకు తెలుసు. ఆ కణాలు ఎక్కడి నుంచి వస్తాయన్నదే తేలలేదు. జీవద్రవం గడ్డకట్టి, చక్కెర పాకంలో పలుకులు కట్టినట్టు, కొత్త కణాలు వాటంతటవే ఏర్పడతాయని చాలామంది నమ్మేవారు. క్యాన్సర్ గడ్డలు కూడా చెడిన ద్రవం పేరుకుని పుడతాయనుకునేవారు.

ఆ నమ్మకాన్ని విర్కో 1855లో తోసిపుచ్చారు. ప్రతి కణమూ అంతకుముందున్న కణం నుంచే పుడుతుందని ప్రకటించారు. 1856లో బెర్లిన్‌కు గౌరవంగా తిరిగి వచ్చి, 1858లో వైద్యుల ముందు ఇరవై ఉపన్యాసాలు ఇచ్చారు. అవే కణ వ్యాధి శాస్త్రం పేరుతో పుస్తకంగా వచ్చాయి. జబ్బు ఒంట్లో దూరిన దయ్యమూ కాదు, కలుషితమైన ద్రవమూ కాదు, మన కణాలే దారి తప్పి నడవడం అన్నది అందులోని సారాంశం.

ఇక్కడ మరొకరి పేరు కూడా పిల్లలకు చెప్పడం న్యాయం. కణాలు రెండుగా చీలే పెరుగుతాయని విర్కో కంటే ముందే రాబర్ట్ రెమాక్ చూపించారు. రెమాక్ పోజెన్‌లో పుట్టిన పోలిష్ యూదుడు. మతం మారడానికి ఒప్పుకోనందుకు ఆయనకు పూర్తి స్థాయి ప్రొఫెసర్ పదవి ఏనాడూ దక్కలేదు. ఆయనకు ఇవ్వాల్సినంత పేరు విర్కో ఇవ్వలేదు.

చర్మం దగ్గర తప్పటడుగు

కణం నుంచే కణం అన్నాక తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది. క్యాన్సర్ కణానికి తల్లి ఏ కణం? ఇక్కడే విర్కో పొరబడ్డారు. అవయవాల మధ్య కట్టుబడిలా ఉండే సంయోజక కణజాలంలోనే అన్ని రకాల గడ్డలకూ విత్తనాలు ఉంటాయని, రాపిడి తగిలినప్పుడు అవి పెరిగి క్యాన్సర్ కణాల రూపం దాలుస్తాయని ఆయన భావించారు. ఆయన అంతటివాడు చెప్పాక చాలామంది అదే నిజమనుకున్నారు.

దాన్ని తప్పని చూపించినది చర్మమే. ఎర్లాంగెన్‌లో శస్త్రవైద్యుడిగా ఉన్న కార్ల్ టీర్ష్, చర్మ క్యాన్సర్ గడ్డలను పల్చని పొరలుగా వరసగా కోసి, ఒక్కొక్క పొరనూ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. ఉల్లిపాయను అడ్డంగా చక్రాలుగా తరిగి, మళ్లీ వరస తప్పకుండా పేర్చి చూసినట్టన్నమాట. ఒక్క పొరలో చూస్తే క్యాన్సర్ కణాల గుంపు లోపల ఒంటరి దీవిలా ఉంటుంది. పొరలన్నీ వరసగా చూస్తే ఆ దీవి నుంచి పైచర్మం దాకా తెగని దారి కనబడింది. అవి లోపలి సంయోజక కణజాలంలో పుట్టినవి కావు, పైచర్మం నుంచే లోపలికి దిగినవి. టీర్ష్ ఈ సంగతిని 1865లో పుస్తకంగా ప్రచురించారు. కొద్ది ఏళ్లలోనే విల్‌హెల్మ్ వాల్డెయర్ ఇతర అవయవాల్లోనూ ఇదే నిజమని చూపించారు.

విర్కో 1863లో మొదలుపెట్టిన గడ్డల మహాగ్రంథం 1867 తర్వాత ముందుకు సాగలేదు. కార్సినోమా గురించి రాయాల్సిన భాగం వెలువడనే లేదు. అయితే ఒకటి గమనించాలి. టీర్ష్ ఓడించింది విర్కో చెప్పిన ఒక జవాబును మాత్రమే. ప్రతి కణానికీ తల్లి కణం ఉంటుందన్న విర్కో సూత్రాన్ని పట్టుకునే టీర్ష్ ఆ తల్లిని వెతికారు.

మూడు రకాలు, తల్లి పోలికలు

రిపోర్టులోని మాటలు అర్థం కావాలంటే పైచర్మం ఎలా కట్టి ఉంటుందో తెలియాలి. అట్టడుగున ఒక వరస కణాలు ఉంటాయి. వాటిని బేసల్ కణాలంటారు. అవి చీలుతూ ఉంటాయి. చీలిన వాటిలో కొన్ని పైకి జరుగుతూ, కెరాటిన్ అనే గట్టి పదార్థాన్ని నింపుకుంటూ, చదునుగా పొలుసుల్లా మారతాయి. వాటికే స్క్వామస్ కణాలని పేరు. చివరికి కేంద్రకం పోగొట్టుకుని, ఎండి, స్నానం చేసేటప్పుడు మట్టితో పాటు రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు నెల రోజులు పడుతుంది. చిన్న కణం పెరిగి ఒక వృత్తి నేర్చుకుని స్థిరపడటాన్నే డిఫరెన్షియేషన్ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరు విభేదనం.

అట్టడుగు వరసలోనే అక్కడక్కడా మరో జాతి కణాలు ఉంటాయి. అవే మెలనోసైట్లు. గర్భంలో పిండం ఎదిగేటప్పుడు, నాడీ వ్యవస్థకు మూలమైన చోటు పక్కనుంచి బయలుదేరి చర్మానికి వలస వచ్చినవి ఇవి. మెలనిన్ అనే రంగును తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచిపెడతాయి.

చర్మంలో ఎక్కువగా కనిపించే మూడు క్యాన్సర్లకు పేర్లు ఈ కణాల నుంచే వచ్చాయి. మొదటిది బేసల్ సెల్ కార్సినోమా. కనురెప్పల దగ్గర, ముఖం మీద నెమ్మదిగా తొలుచుకుపోయే పుండుగా దీన్ని డబ్లిన్ వైద్యుడు ఆర్థర్ జేకబ్ 1827లోనే వర్ణించారు. దీని కణాలు అట్టడుగు వరస కణాల్లా ఉంటాయని హంగరీకి చెందిన క్రోంపెకర్ చెప్పారు. 1903లో ఆయన పుస్తకం వచ్చేనాటికి విర్కో పోయి ఏడాదయింది. ఇది ఉన్నచోటే తొలుస్తుంది గానీ దూరం పాకడం చాలా అరుదు.

రెండోది స్క్వామస్ సెల్ కార్సినోమా. దీని కణాలు క్యాన్సర్‌గా మారాక కూడా కెరాటిన్ తయారుచేసే విద్యను మరిచిపోవు. సూక్ష్మదర్శిని కింద ఆ కెరాటిన్ ముత్యాల్లా చుట్టలు చుట్టుకుని కనిపిస్తుంది. ఇది ముదిరితే లింఫ్ గ్రంథులకు పాకగలదు. ఎండే కాక పాత కాలిన మచ్చలు, ఏళ్ల తరబడి మానని పుండ్లు కూడా దీనికి చోటిస్తాయి. ఏళ్లకేళ్లు లంగా బొందు బిగించి కట్టే నడుము దగ్గర ఒరుసుకుపోయిన చోట ఇది రావడం మన దేశంలో వైద్యులు చూశారు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారికి అంగిట్లో వచ్చేది కూడా ఈ రకం క్యాన్సరే. నోటి లోపలి పొర కణాలూ ఇలా పొలుసుల్లాంటివే కదా.

మూడోది మెలనోమా. ఇది మెలనోసైట్ల నుంచి పుడుతుంది. మూడింటిలో అరుదైనా ప్రమాదకరమైనది, త్వరగా పాకేది ఇదే. నల్ల చర్మం ఉన్నవారిలో ఇది వచ్చినప్పుడు తరచుగా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద కనిపిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బేసల్, స్క్వామస్ అన్న పేర్లు ఆ కణాలు దేనిలా ఉన్నాయో చెబుతాయి తప్ప, సరిగ్గా ఏ కణం నుంచి పుట్టాయో చెప్పవు. స్క్వామస్ రకం క్యాన్సర్ కూడా రాలిపోబోయే పొలుసు నుంచి పుట్టదు. ఎందుకంటే పొలుసుకు చీలే శక్తి ఉండదు. అడుగున, రోమకూపాల్లో ఉండి జీవితమంతా చీలుతూ ఉండే మూల కణాల్లోనే తప్పులు పోగుపడతాయి. పరిశోధకులు ఎలుకల చర్మంలో కణాలకు గుర్తులు పెట్టి, వాటి వంశం వెంట నడిచి ఈ సంగతిని పరిశీలించారు. టీర్ష్ కోసిన పొరల్లో మొదలైన వెతుకులాట ఇంకా సాగుతూనే ఉంది.

బడి పిల్లల లెక్క

విర్కో ఆస్పత్రికే పరిమితం కాలేదు. 1859 నుంచి బెర్లిన్ నగర సభలో ఉండి మురుగు కాలువల కోసం, ఆస్పత్రుల కోసం, మాంసం తనిఖీ కోసం పోరాడారు. బడి గదులు, బల్లలు పిల్లల ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీస్తాయో 1869లో రాశారు. పార్లమెంటులో బిస్మార్క్‌ను నిలదీశారు. 1865లో బిస్మార్క్ ద్వంద్వ యుద్ధానికి పిలిచినా ఆయన వెళ్లలేదు.

ఉపాధ్యాయుల సాయంతో ఆయన చేసిన పని ఒకటుంది. జర్మనీలోని 67 లక్షలకు పైగా బడి పిల్లల జుట్టు, కళ్లు, చర్మం రంగులను లెక్క రాయించారు. అసలైన జర్మన్ అంటే తెల్లగా, బంగారు జుట్టుతో ఉంటాడని, యూదుడు వేరే జాతి అని అప్పట్లో బలమైన ప్రచారం ఉండేది. 1886లో వెలువడిన లెక్క ఆ మాట నిలవదని చూపింది. జర్మన్ పిల్లల్లో అలాంటివారు మూడో వంతు కూడా లేరు. యూదు పిల్లల్లోనూ నూటికి పదకొండుగురు అలాగే ఉన్నారు. దీని వెనుక కణాల సంగతి తర్వాతి తరాలకు తెలిసింది. నల్లవారికైనా తెల్లవారికైనా మెలనోసైట్ల సంఖ్య దాదాపు ఒకటే. అవి చేసి పంచే రంగులోనే తేడా.

ఆయన జీవితంలో మనకు మింగుడుపడనిది కూడా ఉంది. 1870ల్లో కేథలిక్ చర్చి మీద ప్రభుత్వం సాగించిన పోరుకు సంస్కృతి సమరం అని పేరు పెట్టిందీ, మద్దతిచ్చిందీ ఆయనే. ఆ రోజుల్లోనే ఎగువ సైలీషియా బడుల్లోంచి పోలిష్ భాషను తీసేశారు. ఇరవై ఏళ్ల కిందట ఆయన అడిగినదానికి ఇది పూర్తిగా ఎదురు.

చిన్న ముక్క, పెద్ద తీర్పు

1887లో యువరాజు ఫ్రెడరిక్ గొంతులో గడ్డ లేచింది. అందులోంచి తీసిన ముక్కలను విర్కోకు పంపారు. వాటిలో క్యాన్సర్ ఆనవాళ్లు లేవని ఆయన చెప్పారు. తాను చెప్పేది తన చేతికి వచ్చిన ముక్కల గురించే అన్న జాగ్రత్త కూడా రాశారు. ఆ జాగ్రత్తను ఎవరూ పట్టించుకోలేదు. క్యాన్సర్ లేదన్న మాటే మిగిలింది. ఫ్రెడరిక్ చక్రవర్తి అయ్యాక 99 రోజులే ఏలి, 1888 జూన్ 15న కన్నుమూశారు. శవపరీక్షలో గొంతు క్యాన్సర్ బయటపడింది. ఆ పరీక్షలో విర్కో కూడా ఉన్నారు. ముక్క ఎక్కడి నుంచి తీశారన్నది ముక్కలో ఏముందన్నంత ముఖ్యమని నాటి నుంచి వైద్య విద్యార్థులకు చెబుతూ వస్తున్నారు.

1899లో ఆయన ఇరవై వేలకు పైగా నమూనాలతో వ్యాధి శాస్త్ర ప్రదర్శనశాల తెరిచారు. 1902 జనవరిలో కదులుతున్న ట్రామ్ నుంచి దిగబోయి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. దాని నుంచి కోలుకోలేక సెప్టెంబర్ 5న బెర్లిన్‌లో మరణించారు. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు.

రిపోర్టు వెనుక పేజీలో

ఆ అమ్మాయి తెచ్చిన కాగితం జిరాక్స్ తీయించి, వెనుక పేజీలో తెలుగులో ఇలా రాసి ఇచ్చాం: అమ్మమ్మ పుండు పైచర్మంలో కెరాటిన్ చేసే జాతి కణాల నుంచి పుట్టింది. అవి దారి తప్పాయి గానీ తల్లి పోలిక ఇంకా పోలేదు. వెల్ డిఫరెన్షియేటెడ్ అంటే అంతే. పోలిక ఎంత మిగిలితే సాధారణంగా అంత నెమ్మది, ఎంత చెరిగిపోతే అంత మొండి. ఇది ఆమె సొంత కణాల నుంచే పుట్టింది కాబట్టి కంచం వల్ల, గ్లాసు వల్ల, పక్కన పడుకోవడం వల్ల ఎవరికీ అంటదు. చికిత్స సంగతి డాక్టరు చెప్పినట్టే చేయాలి, వాయిదా వేయకూడదు.

తోటి ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఇంట్లో పెద్దవాళ్ల ఒంటి మీద కొన్నిటిని గమనించాలని కోరుతున్నాం. నాలుగు వారాలైనా మానని పుండు, పాత మచ్చలో కొత్తగా లేచిన గడ్డ, రంగూ అంచూ మారుతున్న పుట్టుమచ్చ, అరికాలిలో పెరుగుతున్న నల్ల మచ్చ కనిపిస్తే చర్మ వైద్యుడికి చూపించాలి. వెళ్లేటప్పుడు రాష్ట్ర భాష వచ్చిన మనవడినో మనవరాలినో వెంట పంపాలి. మన పిల్లలకు రెండు భాషలూ వచ్చు. సైలీషియా గుడిసెల్లో అలా రెండు వైపులా మాట చేరవేయగలిగినవారు చాలా తక్కువ.

అమ్మమ్మకు ఆపరేషన్ అయింది. ఆ కాగితం వెనుక పేజీని ఆ అమ్మాయి ఇంట్లో అందరి ముందూ రెండుసార్లు చదివి వినిపించిందట. కంచం మళ్లీ అందరి కంచాలతో కలిసిందని మొన్న చెప్పింది.